ఏ సీసా ఎక్కించాలి, ఏ సూది ముందు వేయాలి?

ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నా చేతికి అలవాటైనది ఒకటే సీసా. పడిపోయిన దూడ వచ్చినా, వాంతులతో వాలిపోయిన కుక్కపిల్ల వచ్చినా, మూత్రం ఆగిపోయిన పిల్లి వచ్చినా డీఎన్‌ఎస్ (డెక్స్‌ట్రోజ్ అనే చక్కెర కలిపిన సెలైన్) తగిలించి, పక్కనే ఒక డెక్సామెథాసోన్ (స్టెరాయిడ్) సూది వేసేవాణ్ణి. కొన్ని లేచి నిలబడేవి. అవి మందు వల్ల లేచాయో, మందుతో పనిలేకుండానే లేచాయో ఆలోచించలేదు. లేవనివాటిని తలచుకుంటూ మళ్లీ పుస్తకాలు తెరిచాకే తేడాలు ఒక్కొక్కటిగా తెలిసొచ్చాయి. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఆ దారిలో మళ్లీ నడవకూడదని ఇది రాస్తున్నాను. ఇంట్లో జంతువులున్నవాళ్లు చదివితే డాక్టరు ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో అర్థమవుతుంది. అంతేగానీ ఇందులోని మోతాదులు చూసి సొంతంగా సూది పట్టుకోవద్దు.

నీరు ఎక్కడ తగ్గింది?

సీసా పేరు రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, నీరు ఎక్కడ తగ్గిందన్నది. రక్తనాళాల్లో తగ్గితే అది షాక్. కణజాలంలో తగ్గితే అది డీహైడ్రేషన్. రెండూ కలిసి రావచ్చు, విడివిడిగానూ రావచ్చు. బండి గుద్ది లోపల రక్తం కారుతున్న కుక్క షాక్‌లో ఉంటుంది, కానీ దాని చర్మం మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే కణజాలంలో నీరు తగ్గేంత టైమ్ ఇంకా గడవలేదు. కిడ్నీలు పాడైన ముసలి పిల్లి ఎండిపోయి ఉంటుంది, కానీ నాడి బాగానే కొడుతుంది. మొదటిదానికి నిమిషాల్లో ద్రవం కావాలి. రెండోదానికి అంత తొందరగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆ లోటును గంటల తరబడి, ఒక్కోసారి రోజంతా పెట్టి తీర్చాలి.

షాక్‌ను నాడి, చిగుళ్లు, కాళ్ల వేడి చెబుతాయి. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 2 సెకన్లు దాటితే, కాళ్లు చల్లబడితే, నాడి సన్నబడితే ఇక ఆలస్యం చేయకూడదు. కుక్కలో గుండె వేగం పెరుగుతుంది. పిల్లి విషయంలో చాలామంది ఇక్కడే పొరబడతారు. షాక్‌లో ఉన్న పిల్లికి గుండె వేగం తగ్గొచ్చు, ఒళ్లు చల్లబడొచ్చు. గుండె నెమ్మదిగా కొడుతోంది కదా, పర్వాలేదులే అనుకుంటే పిల్లి చేజారిపోతుంది.

డీహైడ్రేషన్‌ను చర్మం, నోటి తడి, కళ్లు చెబుతాయి. పోయిన నీరు ఒంటి బరువులో 5 శాతం లోపు అయితే చేతికి తెలియదు. 8 శాతం దగ్గరకొచ్చేసరికి చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటుంది, 10 నుంచి 12 శాతానికి కళ్లు లోపలికి పోతాయి. బాగా బక్కచిక్కిన జంతువులో చర్మం ఎప్పుడూ అలాగే ఉంటుంది, బాగా కొవ్వు పట్టినదాంట్లో నిజంగా ఎండిపోయినా తెలియదు. అందుకే చర్మం ఒక్కదాన్నే నమ్మకూడదు. లెక్క మాత్రం సులువే: బరువు కిలోల్లో, దాన్ని శాతంతో, దాన్ని 10తో గుణిస్తే లోటు మిల్లీలీటర్లలో వస్తుంది. 10 కిలోల కుక్క 8 శాతం ఎండిపోతే 800 మి.లీ. లోటు. దీనికి రోజువారీ అవసరం, వాంతులు, విరేచనాల్లో ఇంకా పోతున్నదీ కలపాలి.

ఆర్‌ఎల్, నార్మల్ సెలైన్

ఏది మంచిదని అడిగితే, కారణం తెలియని కుక్కకో పిల్లికో నేను ఆర్‌ఎల్ (రింగర్స్ లాక్టేట్)తోనే మొదలుపెడతాను. 0.9 శాతం సెలైన్‌లో లీటరుకు 154 మిల్లీఈక్వివలెంట్ల సోడియం, 154 క్లోరైడ్ ఉంటాయి. ఒంట్లో సహజంగా ఉండే క్లోరైడ్ కంటే అది చాలా ఎక్కువ. ఎక్కువ మొత్తంలో ఎక్కిస్తే రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. ఆర్‌ఎల్‌లో సోడియం 130, క్లోరైడ్ 109, పొటాషియం 4, లాక్టేట్ 28 ఉంటాయి. ఆ లాక్టేట్‌ను కాలేయం మార్చుకునే క్రమంలో బైకార్బొనేట్ తయారై ఆమ్లాన్ని తగ్గిస్తుంది. విరేచనాలు, పార్వో (కుక్కపిల్లలకు వచ్చే వైరస్ వ్యాధి), షాక్ ఇవన్నీ ఎక్కువగా ఆమ్లం వైపు లాగేవే కాబట్టి ఆర్‌ఎల్ వాటికి సరిపోతుంది.

మరి సెలైన్ ఎప్పుడు? కడుపు చివర దారి మూసుకుపోయి, ఒట్టి కడుపులోని ఆమ్లమే వాంతులుగా పోతున్న కుక్కకు. దాని ఒంట్లో క్లోరైడ్ తగ్గి రక్తం క్షారం వైపు తిరిగి ఉంటుంది. అక్కడ క్లోరైడ్ ఎక్కువ ఉన్న సెలైనే మందు. రక్తంలో కాల్షియం పెరిగిన జంతువుకూ సెలైనే. రక్తం ఎక్కించే ట్యూబులో కూడా సెలైనే వాడాలి, ఎందుకంటే ఆర్‌ఎల్‌లోని కాల్షియం సంచిలో గడ్డకట్టకుండా కలిపిన మందును పట్టేసి ట్యూబులో గడ్డలు చేస్తుంది. అదే కారణంగా ఆర్‌ఎల్‌లో సోడియం బైకార్బొనేట్ కూడా కలపకూడదు. తెల్లగా విరిగిపోతుంది.

మూత్రం ఆగిన మగ పిల్లి గురించి ఒక భయం ఇప్పటికీ చాలామందిలో ఉంది. ఆర్‌ఎల్‌లో పొటాషియం ఉంది కదా, ఇప్పటికే పొటాషియం పెరిగిన పిల్లికి అది ఎలా ఇస్తామని టెన్షన్ పడతారు. పిల్లి రక్తంలో పొటాషియం 8 ఉంటే, 4 ఉన్న ద్రవం దాన్ని పలుచన చేస్తుందేగానీ పెంచదు. పైగా ఆమ్లం త్వరగా తగ్గుతుంది. ఆ పిల్లికి ఏ సీసా ఎక్కిస్తున్నామన్నదాని కంటే మూత్రం దారి ఎంత త్వరగా తెరుస్తున్నామన్నదే ముఖ్యం.

డెక్స్‌ట్రోజ్ ‘శక్తి’ని ఇస్తుందా?

ఈ నమ్మకం పోవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. 5 శాతం డెక్స్‌ట్రోజ్ లీటరులో ఉండేది సుమారు 170 కిలోక్యాలరీలు. కదలకుండా పడుకున్న 10 కిలోల కుక్కకే రోజుకు దాదాపు 400 కావాలి. అంటే కేవలం శక్తి కోసమే రెండు లీటర్లకు పైగా ఎక్కించాలి. అది ఆ కుక్కకు వరదే. చక్కెరను కణాలు వాడేసుకున్నాక డీ5లో (ఈ 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో) మిగిలేది ఉత్త నీరు. అది రక్తనాళాల్లో నిలవదు, ఒళ్లంతా పాకిపోతుంది. అందుకే షాక్‌లో డీ5 పనికిరాదు. డీఎన్‌ఎస్‌లో సెలైన్ ఉంటుంది కాబట్టి కాస్త మేలు. కానీ వేగంగా ఎక్కిస్తే రక్తంలో చక్కెర పెరిగి, ఆ చక్కెర మూత్రంలో పోతూ నీటిని కూడా లాక్కుపోతుంది. తీర్చాలనుకున్న లోటే పెరుగుతుంది.

చక్కెర నిజంగా తగ్గినప్పుడు మాత్రం దానికి సాటి వచ్చేది లేదు. పాలు తాగని చిన్న కూనలు, పార్వోతో నీరసించిన కుక్కపిల్లలు, ఇన్సులిన్ ఎక్కువైన జంతువులు, ఈనిన తర్వాత కీటోసిస్ (ఒంట్లో చక్కెర చాలక కొవ్వు కరిగే జబ్బు) వచ్చిన ఆవులు, గేదెలు. కుక్కకు 50 శాతం డెక్స్‌ట్రోజ్ కిలోకు 0.5 నుంచి 1 మి.లీ. తీసుకుని, కనీసం రెండింతల సెలైన్ కలిపి పలుచన చేసి మెల్లగా ఇవ్వాలి. పలుచన చేయకుండా ఇస్తే నరం మండుతుంది, వాస్తుంది. గ్లూకోమీటరు బొట్టు రక్తంతో నిమిషంలో జవాబు చెబుతుంది. అది చేతిలో ఉండగా ఊహ మీద డెక్స్‌ట్రోజ్ ఇవ్వాల్సిన పని లేదు.

పెద్ద పశువుకు లెక్క వేరు

400 కిలోల ఆవు 8 శాతం ఎండిపోతే లోటు 32 లీటర్లు. అర లీటరు సీసాలైతే 64. మూడు నాలుగు సీసాలు ఎక్కించి ఆవుకు ద్రవం ఇచ్చామనుకోవడం మనల్ని మనం ఓదార్చుకోవడమే. ఇక్కడ హైపర్‌టానిక్ సెలైన్ (రక్తం కంటే ఉప్పు గాఢత బాగా ఎక్కువున్నది) నాకు బాగా నచ్చిన ఎంపిక. 7.2 శాతం సెలైన్ కిలోకు 4 నుంచి 5 మి.లీ. చొప్పున, అంటే ఈ ఆవుకు 1.6 నుంచి 2 లీటర్లు, ఐదు పది నిమిషాల్లో మెడ నరంలోకి ఇస్తే కణజాలంలోనూ పొట్టలోనూ ఉన్న నీరు రక్తంలోకి వస్తుంది. వెంటనే దాహం వేస్తుంది. ముందు నీళ్ల తొట్టి పెట్టాలి. తాగకపోతే గొట్టంతో 20 లీటర్ల నీళ్లు పొట్టలోకి పంపాలి. ఈ రెండో సగం మరిచిపోతే మొదటి సగం అప్పు చేసి ఖర్చుపెట్టినట్టే, ఎందుకంటే ఆ నీరు కణజాలం నుంచి తెచ్చినది.

పొట్ట కదలికలు పూర్తిగా ఆగి ఉబ్బిపోయినా, పశువు గుటక వేయలేకపోతున్నా గొట్టం దారి వద్దు. ఇప్పటికే రక్తంలో సోడియం పెరిగిన జంతువుకు హైపర్‌టానిక్ ఇవ్వకూడదు. ఉప్పు ఎక్కువ కలిపిన ద్రావణం తాగించిన దూడల్లో ఇది జరుగుతుంది.

మేత మానేసిన పెద్ద ఆవు రక్తం చాలాసార్లు క్షారం వైపు ఉంటుంది, నాలుగో పొట్ట పక్కకు జరిగినప్పుడు మరీనూ. కాబట్టి కుక్కలో నేను ఇష్టపడే ఆర్‌ఎల్ ఇక్కడ రెండో స్థానానికి వెళ్తుంది. సెలైన్, దానికి పొటాషియం చేర్పు ముందుంటాయి. ధాన్యం ఎక్కువ తిని పడిపోయిన పశువులో మాత్రం ఆమ్లం, కాబట్టి లెక్క తిరగబడుతుంది.

పారుడు పట్టిన దూడ

దూడలో నేను మొదట చేసేది నోట్లో వేలు పెట్టడం. గట్టిగా చప్పరిస్తే, నిలబడగలిగితే నోటి ద్వారా ఎలక్ట్రోలైట్ ద్రావణం చాలు. పాలు ఆపొద్దు. పారుడు ఆగాలని పాలు మాన్పించడం పాత పద్ధతి, దూడ ఆకలితో ఇంకా కుంగిపోతుంది. నోటి ద్రావణాల్లో బైకార్బొనేట్ ఉన్నదాని కంటే అసిటేట్ లేదా ప్రొపియొనేట్ ఉన్నదాన్ని ఎంచుకోండి. బైకార్బొనేట్ నాలుగో పొట్టలో ఆమ్లాన్ని తగ్గించి పాలు గడ్డకట్టడానికి అడ్డుపడుతుంది.

చప్పరించకపోతే, పడుకుని లేవలేకపోతే నోటి దారి చాలదు. నరంలోకి బైకార్బొనేట్ కావాలి. లీటరు స్టెరైల్ నీటిలో 13 గ్రాముల సోడియం బైకార్బొనేట్ ఉంటే అది 1.3 శాతం, రక్తానికి సరిపడే గాఢత, అందులో దాదాపు 155 మిల్లీఈక్వివలెంట్లు. 40 కిలోల దూడకు బైకార్బొనేట్ లోటు లీటరుకు 15 మిల్లీఈక్వివలెంట్లు అనుకుంటే 40 × 15 × 0.6, అంటే 360. సుమారు 2.3 లీటర్లు. ఇలాంటి దూడకు ఆర్‌ఎల్ ఇస్తే తప్పేం కాదు గానీ, అందులోని 28తో ఈ 360 తీరడానికి ఎన్ని సీసాలు కావాలో మీరే లెక్క వేయండి. నా కొత్తలో పోగొట్టుకున్న దూడల్లో కొన్ని ఈ లెక్క తెలిసి ఉంటే బతికేవని ఇప్పటికీ అనిపిస్తుంది.

దారి, వేగం

షాక్‌లో నరం, నరం దొరక్కపోతే ఎముక. చిన్న కుక్కపిల్లలో, పిల్లికూనలో తొడ ఎముక పైభాగంలోకి సూది దించితే నరంతో సమానంగా పనిచేస్తుంది. చర్మం కింద ఇచ్చే ద్రవం కొద్దిపాటి డీహైడ్రేషన్‌కు మంచిదే. షాక్‌లో ఉన్నప్పుడు చర్మానికి రక్తం అందదు కాబట్టి అది అక్కడే సంచిలా నిలబడిపోతుంది. డెక్స్‌ట్రోజ్‌ను చర్మం కింద ఇవ్వకూడదు. కడుపు మెలితిరిగి ఉబ్బిన కుక్కకు క్యాథెటర్ ముందు కాళ్లకే వేయాలి. వెనక కాళ్ల రక్తం గుండెకు వెళ్లే దారిని ఉబ్బిన కడుపు నొక్కేస్తుంది.

షాక్‌కు కుక్కకు కిలోకు 90 మి.లీ., పిల్లికి 50 నుంచి 60 అని పాత పుస్తకాల్లో ఉంటుంది. అది దాదాపు ఒంట్లోని రక్తమంత. ఒకేసారి ఇచ్చేది కాదు. ఇప్పుడు కుక్కకు కిలోకు 15 నుంచి 20 మి.లీ., పిల్లికి 5 నుంచి 10 మి.లీ., 15 నుంచి 30 నిమిషాల్లో ఇచ్చి, మళ్లీ నాడి, చిగుళ్లు చూసి, అవసరమైతే ఇంకో విడత ఇస్తున్నారు. నాకు ఇదే సబబుగా అనిపిస్తుంది. పిల్లికి ద్రవంతో పాటు వెచ్చదనం కూడా ఇవ్వాలి. ఊపిరి వేగం పెరుగుతూ పోయినా, ముక్కు నుంచి నీరు కారినా, కంటి పొర వాచినా డ్రిప్ ఆపేయాలి. గుండె జబ్బున్న జంతువులో ఇది తొందరగా వస్తుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఫ్యూరోసెమైడ్ (మూత్రం ఎక్కువగా పోయించే మందు), ఆక్సిజన్. ఫ్యూరోసెమైడ్ ఇస్తూ ఇంకో చేత్తో డ్రిప్ నడపడం మాత్రం వద్దు.

హెటాస్టార్చ్ లాంటి కొల్లాయిడ్లను (రక్తనాళాల్లో ఎక్కువసేపు నిలిచే ద్రవాలను) ఒకప్పుడు ఇష్టంగా వాడేవారు. కిడ్నీలను దెబ్బతీస్తాయని, రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తాయని తెలిశాక 2022లో యూరప్‌లో మనుషుల వైద్యంలో వాటి అనుమతిని నిలిపేశారు. నేను వాడటం మానేశాను.

పొటాషియం క్లోరైడ్ కలిపిన సీసాను ఎప్పుడూ బోలస్‌గా (ఒక్కసారిగా, వేగంగా) ఇవ్వకూడదు. గంటకు కిలోకు 0.5 మిల్లీఈక్వివలెంట్లు దాటితే గుండె ఆగవచ్చు. కలిపిన వెంటనే సీసా మీద పెద్ద అక్షరాలతో రాయండి.

అడ్రినలిన్ ఉండగా డెక్సా ఎందుకు?

సూది వేసిన పది నిమిషాల్లో, లేదా తేనెటీగ కుట్టిన వెంటనే కుక్క అలర్జీ షాక్‌తో కుప్పకూలితే చాలామంది చేతులు డెక్సామెథాసోన్ వైపు వెళ్తాయి. స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు కావాలి. ఆ కుక్క దగ్గర నిమిషాలే ఉన్నాయి. యాంటీహిస్టమిన్ దద్దుర్లు, దురద తగ్గిస్తుంది, పడిపోయిన బీపీని లేపదు. లేపేది అడ్రినలిన్ ఒక్కటే: 1:1000 ద్రావణం (మి.లీ.కు 1 మి.గ్రా.) కిలోకు 0.01 మి.లీ., తొడ కండరంలోకి. 10 కిలోల కుక్కకు 0.1 మి.లీ., 400 కిలోల ఆవుకు 4 మి.లీ. మెరుగు కనిపించకపోతే 5 నుంచి 15 నిమిషాల్లో మళ్లీ ఇవ్వొచ్చు. వెనకే ద్రవం బోలస్. డెక్సా ఆ తర్వాతి సంగతి. చూడితో ఉన్న ఆవుకు చివరి నెలల్లో డెక్సా వేస్తే ఈసుకుపోతుందనీ గుర్తుంచుకోవాలి.

కుక్కలో ఈ అలర్జీ షాక్ ఎప్పుడూ దద్దుర్లతో రాదు. కాలేయం మీద దెబ్బ పడుతుంది కాబట్టి హఠాత్తుగా వాంతి, విరేచనం, ఆ వెంటనే కూలిపోవడం కనిపిస్తాయి. పిల్లిలోనూ పశువులోనూ ఊపిరి బిగుస్తుంది. ముఖం వాచి, దద్దుర్లు మాత్రమే ఉండి నాడి బాగుంటే యాంటీహిస్టమిన్ వేసి కనిపెట్టుకుని ఉంటే చాలు.

గుండె ఆగినప్పుడు అడ్రినలిన్ కంటే ముందు చేతులు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కాలి, 2 నిమిషాలకోసారి మనిషి మారాలి, నిమిషానికి 10 శ్వాసలు ఇవ్వాలి. అడ్రినలిన్ కిలోకు 0.01 మి.గ్రా., నరంలోకి, 3 నుంచి 5 నిమిషాలకోసారి. ఆలస్యమైతే పదింతలు ఇవ్వొచ్చన్న పాత మాటను గుండె ఆగిన కుక్కలు, పిల్లుల చికిత్స కోసం 2024లో వచ్చిన రికవర్ మార్గదర్శకాలు తీసేశాయి.

అట్రోపిన్, కాల్షియం

నెమ్మదించిన గుండెకు అట్రోపిన్ అని అందరికీ తెలుసు. కిలోకు 0.02 నుంచి 0.04 మి.గ్రా. కానీ మూత్రం ఆగిన పిల్లి గుండె నెమ్మదించింది పొటాషియం వల్ల. అట్రోపిన్ దాన్ని మార్చలేదు. అక్కడ 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ కిలోకు 0.5 నుంచి 1.5 మి.లీ., పది నిమిషాలకు తగ్గకుండా, గుండె వింటూ ఇవ్వాలి. కాల్షియం పొటాషియాన్ని తగ్గించదు. గుండెను అరగంట సేపు కాపాడుతుంది. ఆ అరగంటలో డెక్స్‌ట్రోజ్, అవసరమైతే ఇన్సులిన్ తోడుగా పొటాషియాన్ని కణాల్లోకి పంపి, మూత్రం దారి తెరవాలి.

ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు విషంలో అట్రోపిన్ లెక్క పూర్తిగా వేరు. కుక్కకు కిలోకు 0.2 నుంచి 0.5 మి.గ్రా., అందులో నాలుగో వంతు నరంలోకి, మిగిలింది కండరంలోకి. కంటిపాప సైజు చూసి మోతాదు పెంచకండి. ఊపిరితిత్తుల్లో గరగర తగ్గిందా, గుండె వేగం పెరిగిందా అన్నదే చూడాలి. కండరాల వణుకు అట్రోపిన్‌తో పోదు, దానికి ప్రాలిడాక్సిమ్ అనే విరుగుడు.

పాలజ్వరంలో (ఈనిన ఆవు రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బులో) ఎంపిక ఆవు నిలబడిందా, పడిందా అన్నదాన్ని బట్టి. నిలబడి తడబడుతుంటే నోటి ద్వారానో చర్మం కిందో కాల్షియం. పడిపోతే నరంలోకి కాల్షియం బోరోగ్లూకోనేట్, పది నుంచి ఇరవై నిమిషాలు, ఒక చేత్తో స్టెతస్కోప్ గుండె మీదే ఉంచి. లయ తప్పితే వెంటనే ఆపాలి. తొందరపడి ఎక్కించిన కాల్షియం ఆవును మన కళ్ల ముందే చంపుతుంది.

ఫిట్స్‌లో నరం దొరికితే డయజెపామ్, మిడజోలామ్ రెండూ ఒకటే. దొరక్కపోతే మిడజోలామ్‌దే పైచేయి. ముక్కులోకి కిలోకు 0.2 మి.గ్రా. ఇస్తే నిమిషాల్లో అందుకుంటుంది, కండరంలోకీ పనిచేస్తుంది. డయజెపామ్ కండరంలో సరిగా ఇంకదు. మలద్వారం ద్వారా ఇవ్వొచ్చు, అప్పుడు కిలోకు 1 నుంచి 2 మి.గ్రా. దాన్ని ప్లాస్టిక్ సిరంజిలో ముందే నింపి దాచకండి, మందు ప్లాస్టిక్‌కు అంటుకుని బలం తగ్గుతుంది.

నా ఎమర్జెన్సీ ట్రేలో ఇప్పుడు తక్కువ మందులే ఉంటాయి: అడ్రినలిన్, అట్రోపిన్, కాల్షియం గ్లూకోనేట్, మిడజోలామ్, 50 శాతం డెక్స్‌ట్రోజ్, ఫ్యూరోసెమైడ్. పక్కన గోడ మీద 2 కిలోల నుంచి 40 కిలోల దాకా ఒక్కో బరువుకు ఎన్ని మిల్లీలీటర్లో రాసిన కాగితం. గుండె ఆగిన జంతువు ముందు నిలబడి దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలో ఆలోచించే పరిస్థితి రాకూడదు. అడ్రినలిన్ ఆంప్యూల్స్ వెలుతురు తగలకుండా పెట్టెలోనే ఉంచుతాను. ప్రతి నెలా మొదటి రోజున తీసి చూసి, గులాబీ రంగుకో గోధుమ రంగుకో తిరిగినవి ఉంటే తేదీ ఇంకా మిగిలున్నా పారేస్తాను.